ఆవులకూ గుర్రాలకూ ఒకే కంచె: నా అనుభవం

బీడు చుట్టూ కంచెకు ఎంతవుతుందని మా ఊళ్లో ఎవరిని అడిగినా ముందు ముళ్ల తీగ కిలో ధర చెబుతారు. 2021లో నేనూ ఆ లెక్కతోనే మొదలుపెట్టాను. ఆ లెక్క ఎంత తప్పో ఒక గుర్రం కాలు చీలాక గానీ నాకు తెలియలేదు.

మాది అద్దంకి ప్రాంతం, నల్లరేగడి నేల. నాన్న వదిలి వెళ్లిన పొలంలో మూడెకరాలు ఎప్పటినుంచో పశువుల మేతకే ఉంచాం. చెంగలి గడ్డి, గరిక వాటంతట అవే పెరిగే బీడు అది. నాలుగు ఒంగోలు ఆవులు, రెండు పెయ్యలు, ఒక కోడెదూడ ఉన్నాయి. ఇన్నేళ్లూ కంచె లేకుండా గడిచిందంటే అది మా కాపరి తాత చలవ. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇంటిపట్టున ఉండిపోయిన నెలలోనే మా ఆవులు పక్కనున్న మిర్చి చేలో పడ్డాయి. పాత రోజుల్లో అయితే నేరుగా బందెలదొడ్డికి తోలేవారు. ఆ చేను పెదనాన్న మాత్రం వాటిని మా వాకిట్లో కట్టేసి, "అమ్మాయీ, ఈసారికి సరే. ఇంకోసారి పడితే నేను ఊరుకోలేను" అని వెళ్లిపోయారు. పూత మీదున్న మిర్చి అది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

అప్పుడు హడావిడిగా రెండు వైపులే, అంటే మిర్చి చేను వైపూ దారి వైపూ ఎనిమిది అడుగులకొక రాతి స్తంభం పాతించి నాలుగు వరసల ముళ్ల తీగ లాగించాను. మిగిలిన రెండు వైపులా సర్కారు తుమ్మ కంప వేయించాను. తీగ కొన్నప్పుడే మొదటి పొరపాటు జరిగింది. 12 గేజి, 14 గేజి తీగలు కిలో ధరలో దాదాపు ఒకటే. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది. 12 గేజి తీగ కిలోకి తొమ్మిది మీటర్ల చొప్పున వస్తే, 14 గేజి పద్నాలుగు మీటర్ల దాకా వచ్చింది. ఎక్కువ పొడవు వస్తోంది కదా అని సన్నదే తీసుకున్నాను. దాని మీద జింకు పూత కూడా పలచనే. రెండో వానాకాలానికే తుప్పు పట్టింది. ఆవులు వీపు దురద తీర్చుకోవడానికి ఒరుసుకున్నచోటల్లా సాగిపోయి వేలాడింది.

మా బాబాయి కొడుకు దగ్గర రెండు ఆడ గుర్రాలున్నాయి. పెళ్లి ఊరేగింపులకు తిప్పుతాడు. ముహూర్తాలు లేని నెలల్లో వాటిని టౌనులో రేకుల షెడ్డు కింద కట్టేసి ఉంచడం వాడికీ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. 2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం కూడా రావడంతో దాదాపు రెండు నెలలు పెళ్లిళ్లు లేవు. "అక్కా, నీ బీడులో వదులుతాను. గడ్డి తింటాయి, నాలుగు అడుగులు పరుగెత్తుతాయి" అన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను.

వచ్చిన నాలుగో రోజు సాయంత్రం గాలి లేచింది. పెదనాన్న అడవి పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉంచారు. మా వైపు అందరూ చేసే పనే. ఒక్కసారిగా గాలికి ఆ చీరలన్నీ టపటపా కొట్టుకున్నాయి. తెల్ల గుర్రం ముత్యం బెదిరింది. బాణసంచా మోతకీ డప్పుల హోరుకీ అలవాటు పడిన జంతువే, కానీ అక్కడ పక్కన మనిషి ఉంటాడు, కళ్లెం పట్టుకుని ఉంటాడు. ఇక్కడ ఒంటరిగా ఉంది, మసక చీకటి. చీరలకు దూరంగా పరుగెత్తింది, తోటి గుర్రం ఇంకో వైపు పరుగెత్తడం చూసి తిరిగి వెనక్కి వచ్చింది, వచ్చినంత వేగంతోనూ తీగల మీద పడింది. తుప్పు పట్టిన తీగ దాని కంటికి ఆనలేదు. కాలు రెండు వరసల మధ్య ఇరుక్కుంది. గుర్రం ఇరుక్కుంటే నిలబడదు, లాక్కుంటుంది. లాక్కున్నకొద్దీ ముళ్లు చర్మాన్ని చీల్చుకుంటూ పోయాయి.

నేను కత్తెర తెచ్చి తీగ కోసేసరికి ముందు కాలు మోకాలి కింద నుంచి ఎముక కనిపించేంత చీలి ఉంది. నా చేతులు వణికిపోయాయి. పశువైద్యుడు రాత్రి తొమ్మిదికి వచ్చి కుట్లు వేశారు. ముందుగా ధనుర్వాతానికి ఇంజెక్షన్ ఇచ్చారు. పెంపుడు జంతువులన్నిటిలో ధనుర్వాతం అత్యంత తేలిగ్గా సోకేది గుర్రానికేనట. ఆ రాత్రి ఆయన చేతులు కడుక్కుంటూ అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "అమ్మా, ఆవు కంచెను నెట్టి చూస్తుంది, గుర్రం కంచెను గుద్దుకుంటుంది. మీరు ఆవు కోసం వేసిన కంచెలో గుర్రాన్ని వదిలారు."

నాకు కావలసిన సూత్రమంతా ఆ మాటలోనే ఉంది. ఆవు చర్మం మందం. ముల్లు గుచ్చుకుంటే ఆగి, ఒకడుగు వెనక్కి వేస్తుంది. గడ్డి అవతల పచ్చగా కనిపిస్తే మెడ దూర్చి, భుజం ఆనించి, రోజుల తరబడి మెల్లగా నెడుతుంది. కాబట్టి ఆవుకు కావలసింది బలమైన కంచె, లేదా ముట్టుకోవాలనే అనిపించని కంచె. గుర్రం భయపడితే ముందు పరుగెత్తుతుంది, తరవాతే చూస్తుంది. దానికి దూరం నుంచే కనిపించే కంచె కావాలి. ఒకవేళ తగిలినా కోయకూడదు, కాలు ఇరుక్కునే సందు ఉండకూడదు. ఆవుకు నాలుగడుగుల ఎత్తు సరిపోతుంది, గుర్రానికి కనీసం నాలుగున్నర ఉండాలి. ఈ రెండింటికీ కుదిరేది, నా దగ్గరున్న లక్ష రూపాయల్లోపు పూర్తయ్యేది వెతకాలి.

ముందు జీవకంచె, అంటే మొక్కలనే కంచెగా పెంచడం గురించి ఆలోచించాను, ఎందుకంటే అన్నిటికన్నా చవక. తెలిసిన రైతు గ్లిరిసిడియా అనే చెట్టు కొమ్మలు ఎన్ని కావాలంటే అన్ని కోసుకోమన్నాడు. ఆవులకు, మేకలకు మంచి మేత అది, గుర్రాలకు మాత్రం విషం. మా గట్టు మీద ఇప్పటికే ఉన్న సుబాబుల్ కూడా గుర్రాలకు పడదు. ఎక్కువగా తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. ముత్యం తోక పలచబడటం మేము అప్పటికే చూశాం గానీ కారణం ఇదని ఊహించలేదు. ఇక అందంగా ఉంటుందని చాలామంది తోటల చుట్టూ పెట్టే గన్నేరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ఆకులు కొన్ని చాలు, గుర్రమైనా ఆవైనా చచ్చిపోతుంది. కోసి పడేసిన ఎండు కొమ్మలు కూడా అంతే ప్రమాదం. మేత భూమి దరిదాపుల్లో గన్నేరు ఉంటే దయచేసి వేళ్లతో సహా తీసేయండి. గోరింట, వాక్కాయ లాంటివి మేలే, కానీ పశువును ఆపేంత దట్టంగా ఎదగడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నాకు అంత సమయం లేదు.

తరవాత ఇనుప జాలీ. ఐదడుగుల ఎత్తున నాణ్యమైన జాలీ చదరపు అడుగుకు 12 రూపాయలు చెప్పారు. కంచె మొత్తం పొడవు కొలిచిన రోజు నాకు ఇంకో నిజం తెలిసింది. మా బీడు 180 అడుగుల వెడల్పు, 726 అడుగుల పొడవున్న పట్టీ. చుట్టుకొలత 1,812 అడుగులు. అదే మూడెకరాలు చదరంగా ఉండి ఉంటే 1,450 అడుగుల లోపే అయ్యేది. భూమి అంతే, కంచె మాత్రం పావు వంతు ఎక్కువ. ఎకరానికి ఇంత ఖర్చు అని ఎవరైనా చెబితే నమ్మకూడదని అప్పుడే అర్థమైంది. నా బీడుకు జాలీ ఒక్కదానికే లక్ష దాటేది, స్తంభాలు వేరే.

ఆ స్తంభాలే అసలు ఖర్చు. కాగితం మీద అన్నీ రాసుకుని చూస్తే, బీడంతటికీ పదడుగులకొకటి చొప్పున 181 రాతి స్తంభాలు కావాలి. బల్లికురవ వైపు క్వారీల నుంచి ట్రాక్టరు కిరాయితో కలిపి అప్పట్లో ఒక్కొక్కటి 400 పడేది. అంటే 72 వేలు. పాతడానికి ఒక్కోదానికి వంద. నాలుగు వరసల 12 గేజి ముళ్ల తీగ మాత్రం 23 వేలకే వచ్చేది. తీగ ధర దగ్గర కిలోకి ఐదు రూపాయలు బేరమాడుతూ కూర్చున్న నేను, 90 వేల స్తంభాల ఖర్చు వైపు చూడనేలేదు. స్తంభాల మధ్య దూరం పెంచగలిగే కంచె ఏదో అదే చవకైన కంచె.

అలా సోలార్ కంచె దగ్గరికి వచ్చాను. ముట్టుకుంటే కరెంటు దెబ్బ కొడుతుంది గనుక జంతువు దాన్ని నెట్టదు, కాబట్టి స్తంభాలు ఎనిమిది, పది అడుగులకొకటి అక్కర్లేదు. ఇరవై అడుగులకొకటి చాలు.

కానీ ఊళ్లో కరెంటు కంచె అనగానే అందరి ముఖాలూ మారిపోయాయి. దానికి కారణం ఉంది. పందుల కోసం కొందరు మోటారు దగ్గరి వైరును నేరుగా పొలం చుట్టూ ఉన్న తీగకు తగిలిస్తారు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతు, గొర్రెలు తోలుకెళ్లే పిల్లవాడు దాని మీద పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఏటా ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. అది నేరం, దాన్ని కంచె అనడానికే నాకు మనసొప్పదు. ఆ 230 వోల్టుల కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది, పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోయి వదలలేవు. సోలార్ కంచె పెట్టె చేసే పని వేరు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీసుకున్న కరెంటును ఐదారు వేల వోల్టుల దెబ్బగా మార్చి పంపుతుంది. ఆ దెబ్బ ఉండేది రెప్పపాటులో కూడా చాలా చిన్న వంతు సేపే. తరవాత సెకను పాటు ఏమీ ఉండదు. ఆ ఖాళీలో జంతువైనా మనిషైనా వెనక్కి లాక్కోగలరు. చురుక్కుమంటుంది, భయం పుడుతుంది, గాయం కాదు. ఈ పెట్టెల భద్రతకు ఐఎస్ 302-2-76 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రమాణానికి తగినట్టు తయారైనదే కొనాలి. ఎవరో విడిభాగాలతో సగం ధరకే బిగించి ఇస్తామన్నా ఒప్పుకోకూడదు.

నేను ఈ మాటలన్నీ రచ్చబండ దగ్గర చెప్పాను. ఎవరూ నమ్మలేదు. పెట్టె బిగించిన రోజు పెద్దలందరినీ పిలిచి, అందరి ముందూ నేనే తీగను చేత్తో ముట్టుకున్నాను. భుజం దాకా ఝల్లుమంది, వెంటనే చెయ్యి వచ్చేసింది. పెదనాన్న చాలాసేపు నా చేతి వంక చూసి, "సరే, మరి ముళ్లు లేకపోతే నీ ఆవులు నా మిర్చిలోకి రాకుండా ఆగుతాయా?" అని అడిగారు. "ఒక పంట కాలం చూడండి పెదనాన్నా, రాకపోతే ఉంచుతాను, వస్తే నేనే మళ్లీ ముళ్ల తీగ వేయిస్తాను" అన్నాను. కరెంటు ఉన్న వైపులా యాభై అడుగులకొక పసుపు పచ్చ బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాయించి కట్టాం.

చివరికి వేసిన కంచె ఇలా ఉంది. దారి వైపు 180 అడుగులకు పాత స్తంభాల మీదే జాలీ. పిల్లలు నడిచే చోటు కనుక అటు కరెంటు వద్దనుకున్నాను, వీధికుక్కలు కూడా లోపలికి రావు. మిర్చి చేను వైపు పాత ముళ్ల తీగ మొత్తం దింపేసి పాత ఇనుము కింద అమ్మేశాను. దానికే కరెంటు ఇస్తే సరిపోతుంది కదా అని ఒకాయన సలహా ఇచ్చారు. అది ఎప్పుడూ చేయకూడని పని. ముళ్లలో చిక్కుకున్న జీవి కదల్లేక దెబ్బ మీద దెబ్బ తింటూనే ఉంటుంది. ఆ స్తంభాలకే రెండింటికొకటి చొప్పున ఇన్సులేటర్లు (కరెంటు స్తంభంలోకి పోకుండా ఆపేవి) బిగించి, కింద మూడు వరసలు నున్నటి జీఐ తీగ (జింకు పూసిన ఇనుప తీగ), అన్నిటికన్నా పైన నాలుగున్నర అడుగుల ఎత్తులో రెండంగుళాలకు కాస్త తక్కువ వెడల్పున్న తెల్లటి టేపు లాగించాం. లోపల సన్నని లోహపు పోగులు అల్లిన టేపు అది, కరెంటు దానిలోనూ పారుతుంది. గుర్రానికి వంద గజాల నుంచి కనిపించేది ఆ టేపే. తుమ్మ కంప ఉన్న మిగతా రెండు వైపులా వంద అడుగులకొక రాతి స్తంభం, మధ్యలో సరుగుడు కర్రలు. సరుగుడు మా తీరప్రాంతంలో చవకగా దొరుకుతుంది, అప్పుడు ఒక్కొక్క కర్ర 90 రూపాయలు పడింది. అడుగు భాగాన్ని కాల్చి తారు పూసి పాతాం.

రేగడిలో స్తంభం నిలబెట్టడం ఒక విద్య. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. ఊరకే మట్టి పోసి తొక్కితే మొదటి వేసవికే స్తంభాలు ఒరుగుతాయి. రెండడుగుల లోతు తీసి, తీసిన రేగడి మట్టి కాకుండా గ్రావెల్, రాళ్ల ముక్కలు పోసి కొట్టించాం. మూలల్లో, గేటు దగ్గర కాంక్రీటు. మూల స్తంభాలకు రెండు వైపుల నుంచీ ఏటవాలుగా రాతి ఆసరా పెట్టాం, తీగ బిగువంతా మోసేది అవే. మూలలను కోసుగా ఉంచకుండా టేపును అడ్డంగా లాగి మొండి చేశాం, ఒక గుర్రం తరిమితే రెండోది ఆ మూలలో చిక్కుకుపోకుండా. గేటు పన్నెండు అడుగులు, ట్రాక్టరు పట్టాలి.

మొత్తం 79 వేలయింది. అందులో పెట్టె, బ్యాటరీ, సోలార్ పలక కలిపి 19 వేలు. జాలీకి పదకొండు వేల దాకా, గేటుకు తొమ్మిది వేలు, కూలీలకు ఎనిమిదిన్నర వేలు, టేపుకు 6,600. పాత స్తంభాలు లేకపోతే మరో 20 వేలయ్యేది. అప్పుడు కూడా లక్ష దగ్గరే ఆగేది.

అందరూ తేలిగ్గా తీసుకునేది, నేనూ తేలిగ్గా తీసుకున్నది ఎర్తు. దెబ్బ తగలాలంటే కరెంటు తీగలోంచి జంతువు ఒంట్లోకి, కాళ్లలోంచి భూమిలోకి, భూమిలోంచి తిరిగి పెట్టెకు చేరాలి. ఆ చివరి దారి ఎర్తు కడ్డీలే. మొదట ఒకే కడ్డీ పాతించి ఊరుకుంటే టెస్టరులో 1,800 వోల్టులే చూపించింది. మూడు మీటర్ల దూరంలో ఒకటి చొప్పున, ఆరడుగుల కడ్డీలు మూడు దించాక ఆరు వేలు దాటింది. ఆవును ఆపాలంటే మూడు వేలకు తగ్గకూడదు. గుర్రానికి రెండు వేలైనా చాలు, దాని చర్మం సున్నితం. వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు కడ్డీల దగ్గర వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తాను. వానాకాలంలో సమస్య తిరగబడుతుంది. గడ్డి పెరిగి కింది తీగను తాకిందంటే కరెంటంతా అందులోంచి నేలకు జారిపోతుంది. ఆగస్టులో పదిహేను రోజులకొకసారి తీగ కింద గడ్డి కోయిస్తున్నాం. ఉరుములు మొదలైతే పెట్టెను తీగల నుంచి విడదీసేస్తాను.

పశువులకు కంచెను పరిచయం చేయడం కూడా ఒక పనే. కొత్త కంచెలోకి ఒక్కసారిగా వదిలితే తగిలినప్పుడు ముందుకు దూకుతాయి. అందుకని దొడ్డి పక్కన చిన్న స్థలంలో టేపు కట్టి, దానికి అవతల జొన్న చొప్ప వేశాం. మొదట ముక్కు తగలాలి. ముక్కు తడిగా ఉంటుంది, తగిలితే జంతువు వెనక్కే వెళుతుంది. ఆవులు ఒక్కరోజులో నేర్చుకున్నాయి. కోడెదూడ మూడుసార్లు దెబ్బ తిన్నది. పెయ్యలు దాన్ని చూసే నేర్చుకున్నాయనిపించింది.

గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. ముత్యం ఆ ఏడాది పెళ్లిళ్లకు వెళ్లలేదు. మా తమ్ముడు ఒక్కమాట అనలేదు, అననందుకే నాకు ఎక్కువ బాధ. కొత్త కంచెలోకి దాన్ని వదిలిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చున్నాను. రెండు రోజులు బీడు నడిమధ్యనే మేసింది, తీగల వైపు వెళ్లలేదు. మూడో రోజు మెల్లగా టేపు దగ్గరికి వచ్చి, బారెడు దూరంలో ఆగి, చెవులు నిక్కించి చూసి, అక్కడే గడ్డి మేయడం మొదలుపెట్టింది. అవతల పెదనాన్న చీరలు గాలికి ఎగురుతూనే ఉన్నాయి. బెదిరి రెండుసార్లు పరుగెత్తింది. రెండుసార్లూ టేపును చూసి ముందే మలుపు తిరిగింది.

అప్పటి నుంచి మా పశువులు మిర్చి చేలోకి వెళ్లలేదు. సరుగుడు కర్రల్లో తొమ్మిదింటికి తారు పూసినా చెద పట్టింది. క్వారీ వైపు ట్రాక్టరు వెళ్లినప్పుడల్లా నాలుగైదు రాతి స్తంభాలు తెప్పించి, చెద పట్టిన కర్ర తీసి ఆ గుంటలోనే రాయి దించుతున్నాం. ఇంకా ముప్ఫై దాకా మార్చాలి.